పాత ల్యాప్‌టాప్‌కు కొత్త నిర్వాహక వ్యవస్థ

నెల్లూరు జిల్లా సముద్రతీరమున, ముత్తుకూరు వంటి చోట్ల రొయ్యలను పెంచువారిలో మెలకువ గలవారు ఒక నియమము పాటింతురు. హేచరీ నుండి తెచ్చిన రొయ్యపిల్లలను అన్నింటిని ఒక్కమారుగా చెరువులో వదలరు. ఆ చెరువు నీటినే ఒక తొట్టిలోనికి తీసి, కొద్ది పిల్లలను అందులో విడిచి, ఒకటి రెండు దినములు గమనింతురు. అవి చురుకుగా తిరుగుచున్నచో తక్కినవానిని చెరువులో వదలుదురు. నీరు సరిపడనిచో పోవునది గుప్పెడు పిల్లలు మాత్రమే.

కంప్యూటరులో నున్న నిర్వాహక వ్యవస్థకు బదులు మరియొక దానిని పెట్టదలచినవారికి కూడ ఇట్టి తొట్టిపరీక్ష యొకటి కలదు. దానిని ఎరుగక కొందరు భయపడి ఆ పనికే పూనుకొనరు. మరికొందరు తొందరపడి, యంత్రములో దాచుకొన్న సమస్తమును పోగొట్టుకొందురు. ఆ పరీక్ష ఎట్లు జరుగునో, దానికిని అసలు స్థాపనకును నడుమ గీత యెక్కడ ఉన్నదో ఈ వ్యాసమున తెలిసికొందము.

గడువు తీరినది దేనికి?

ముత్తుకూరులో 1991లో ఏర్పడిన మత్స్యశాస్త్ర కళాశాల ఉన్నది. అందు చదువుకొను విద్యార్థి యొకడు, అన్నగారు వాడి విడిచిన పదేండ్ల నాటి ల్యాప్‌టాప్‌తో పని జరుపుకొనుచున్నాడని అనుకొందము. దానిలో విండోస్ 10 ఉన్నది. ఆ వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచు వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అనగా, వ్యవస్థలో క్రొత్తగా బయటపడు లోపములను పూడ్చు సవరణలు ఇక మామూలుగా అందవు. దాని తరువాతిదగు విండోస్ 11 నడచుటకు టీపీఎం 2.0 అను భద్రతాసాధనమును, నిర్ణీత జాబితాలో చేరిన ప్రాసెసరును ఉండవలెను. పదేండ్ల నాటి ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి ఈ అర్హత లేదు.

అంతమాత్రమున ఆ యంత్రము చెడిపోయినదా? లేదు. దాని తెర వెలుగుచున్నది, మీటలు పలుకుచున్నవి, ప్రాసెసరు ముందటివలెనే లెక్కలు కట్టుచున్నది. గడువు తీరినది యంత్రమునకు కాదు, దానిని నడపు వ్యవస్థకు. ఈ రెండింటికిని గల భేదము తెలియనిచో, పని చేయు వస్తువును పాతసామానులో వేసి, మరల వేలకు వేలు పోసి కొత్తది కొనవలసివచ్చును. లేదా, సవరణలు అందని వ్యవస్థతోనే ఇంటర్నెట్టులో తిరుగుచు, బ్యాంకు లావాదేవీలను సైతము దానిమీదనే జరుపుచు అపాయమునకు లోనుకావలసివచ్చును.

నిర్వాహక వ్యవస్థ యనగానేమి?

పూర్వము చెరువు క్రింది ఆయకట్టులో నీరుగంటి యను ఉద్యోగి యుండెడివాడు. చెరువు ఒకటే, పొలములు పెక్కు. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో నిర్ణయించి, ఒక మడవ కట్టి మరియొక మడవ తీయుట అతని పని. కంప్యూటరులోను ఇట్టి స్థితియే కలదు. ప్రాసెసరు, స్మృతి, డిస్కు పరిమితమైన వనరులు. వానిని కోరు ప్రోగ్రాములు అనేకము. పాట వినిపించునది ఒకటి, పుటను చూపునది ఒకటి, అక్షరములను కూర్చునది మరియొకటి. వీనిలో ఒక్కొక్క దానికి సెకనులో స్వల్పభాగము వంతున ప్రాసెసరును అప్పగించుచు, ఒకదాని స్మృతిలోనికి మరియొకటి చొరబడకుండ కాపాడు నీరుగంటియే నిర్వాహక వ్యవస్థ. అందులోని కీలకభాగమునకు కెర్నెల్ అని పేరు.

ఈ వ్యవస్థను మానవులు ఒక భాషలో వ్రాయుదురు. అట్లు వ్రాసినది మూలరచన. దానిని కంప్యూటరు గ్రహించు అంకెల రూపమునకు మార్చినది యంత్రరూపము. పెక్కు సంస్థలు యంత్రరూపమును మాత్రమే అమ్మును. అది పడవ ఇంజను మూతకు సీలువేసి అమ్ముట వంటిది. పడవ నడచును గాని, ఆగిపోయినప్పుడు మూత తీసి చూచుటకు మెకానిక్కునకు హక్కు లేదు. మూలరచనను కూడ అందరి చేతికి ఇచ్చి, చదువుటకును మార్చుటకును పంచుటకును అనుమతించినచో అది బహిరంగ మూలరచన గల వ్యవస్థ యగును.

ఒక విద్యార్థి ప్రయత్నము

ఇట్టి వ్యవస్థను స్వతంత్రముగా నిర్మింపవలెనను సంకల్పమును అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో ప్రకటించెను. దానికి గ్నూ అని పేరు పెట్టెను. ప్రోగ్రామును ఏ పనికైనను వాడుకొనుట, దాని పనితీరును చదివి మార్చుకొనుట, నకళ్లు పంచిపెట్టుట, మార్చినదానిని కూడ పంచిపెట్టుట అను నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉండవలెనని ఆ ఉద్యమము చెప్పును. ఇచట ప్రధానము వెల లేకుండుట కాదు, స్వేచ్ఛ. ‘ఉచితము’, ‘స్వేచ్ఛ’ అను మాటలు తెలుగున వేర్వేరుగా నుండుట వలన ఈ భేదము మనకు సులభముగా బోధపడును.

గ్నూ వ్యవస్థకు పెక్కు అంగములు సమకూరినను, కెర్నెల్ మాత్రము సిద్ధము కాలేదు. 1991 ఆగస్టు 25న ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకొరకు ఒక చిన్న నిర్వాహక వ్యవస్థను వ్రాయుచున్నట్లు ప్రకటించెను. అప్పటికి అతని వయస్సు 21 ఏండ్లు. ఆ సెప్టెంబరులో వెలువడిన మొదటి కూర్పు సుమారు 10,000 పంక్తులు. అదియే లినక్స్. నేడు దాని మూలరచన 3 కోట్ల పంక్తులను మించినది. ఆండ్రాయిడ్ ఫోనులలో నున్న కెర్నెల్ లినక్సే. 2017 నవంబరు నాటికి, ప్రపంచమున మిక్కిలి వేగవంతములైన 500 కంప్యూటర్ల జాబితాలోని ప్రతి యంత్రమును లినక్స్ మీదనే నడచుచుండెను. కాబట్టి లినక్స్ అనినంతనే అది ఎక్కడో నిపుణులు వాడు వస్తువని జంకనక్కరలేదు. అది ఇప్పటికే మన జేబులోనికి వచ్చియున్నది.

కెర్నెల్‌ను, గ్నూ పరికరములను, తెరమీది బొమ్మలను, నిత్యావసరములగు ప్రోగ్రాములను ఒకచోట కూర్చి ఇచ్చు కూర్పులు అనేకము కలవు. 1993లో మొదలయిన డెబియన్, 2004లో వెలువడిన ఉబుంటు, 2006లో వచ్చిన లినక్స్ మింట్ అట్టివి. మన దేశమున సీ-డ్యాక్ సంస్థ డెబియన్ ఆధారముగా బాస్ అను కూర్పును నిర్మించి, 2007లో విడుదల చేసినది. అందు తెలుగుతో సహా భారతీయ భాషలకు స్థానము కల్పింపబడినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ తెలుగు ముఖము గల గ్నూ-లినక్స్ కూర్పును తయారుచేసినది.

తొట్టిపరీక్ష

క్రొత్తగా మొదలుపెట్టువాడు మొదట చేయవలసినది స్థాపన కాదు, పరీక్ష. దీనికి 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి చాలును. ఆ కూర్పును తయారుచేసినవారి అధికార స్థానము నుండియే దాని ప్రతిని దించుకొనవలెను. లినక్స్ మింట్ ప్రతి దాదాపు 3 జీబీ ఉండును. దానితో బాటు 64 గుర్తుల ముద్ర యొకటి ప్రకటింపబడియుండును. దించుకొన్న ప్రతి నుండి మన కంప్యూటరు లెక్కకట్టిన ముద్రయు, వారు ప్రకటించిన ముద్రయు అక్షరమక్షరము సరిపోవలెను. ప్రతిలో ఒక్క బిట్టు మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. సిగ్నలు సరిగా అందని చోట దించుకొన్న ప్రతి మధ్యలో చెడియుండవచ్చును గనుక ఈ సరిచూపును మానరాదు.

ఆ ప్రతిని మామూలు ఫైలువలె పెన్‌డ్రైవులోనికి కాపీ చేసిన లాభము లేదు. రూఫస్, ఎచర్ వంటి సాధనముతో దానిని ప్రత్యేకముగా వ్రాయవలెను. అట్లు వ్రాయునప్పుడు పెన్‌డ్రైవులో అంతకుముందున్న ఫోటోలు మొదలగునవన్నియు తుడిచిపెట్టుకొని పోవును. కావున ఖాళీ పెన్‌డ్రైవునే తీసికొనవలెను.

తరువాత ల్యాప్‌టాప్‌ను ఆపి, పెన్‌డ్రైవును గుచ్చి, మరల వెలిగించి, వెంటనే ఎఫ్ 12 గాని, ఎఫ్ 9 గాని, ఎస్కేప్ గాని నొక్కవలెను. ఏ మీట యన్నది తయారీదారుని బట్టి మారును. అప్పుడు ఎచ్చటి నుండి మొదలిడవలెనని యంత్రము అడుగును. పెన్‌డ్రైవును ఎన్నుకొనవలెను.

లోపల జరుగునది ఇది. కంప్యూటరుకు విద్యుత్తు తగిలినంతనే, మదర్‌బోర్డు మీది చిప్పులో నున్న చిన్న ప్రోగ్రాము మేల్కొని, మనము చూపిన చోట బూట్‌లోడరు అను తలుపు కాపరిని వెదకి పట్టుకొనును. బూట్‌లోడరు కెర్నెల్‌ను స్మృతిలోనికి ఎక్కించును. కెర్నెల్ తెర, మీటలు, వైఫై మొదలగు అంగములను గుర్తుపట్టి, తక్కిన వ్యవస్థను పెన్‌డ్రైవు నుండి కావలసినంత మేరకు చదువుకొనును. మనము క్రొత్తగా వ్రాయునది, మార్చునది అంతయు స్మృతిలోనే నిలుచును. ల్యాప్‌టాప్ డిస్కును మనమై తెరచి మార్చిననే తప్ప వ్యవస్థ దాని జోలికి పోదు. పలక మీద వ్రాసినది తుడిచినంతనే పోయినట్లు, యంత్రమును ఆపినంతనే ఈ పరీక్షలో చేసినదంతయు మాసిపోవును. పెన్‌డ్రైవును తీసి వెలిగించినచో పాత విండోస్ ఎప్పటివలెనే తెరచుకొనును.

ఈ స్థితిలో కనీసము ఒక పూట గడపవలెను. వైఫై అందుచున్నదా? శబ్దము వచ్చుచున్నదా? వెలుగు తగ్గించిన తగ్గుచున్నదా? మూత మూసి తెరచిన యంత్రము మేలుకొనుచున్నదా? కెమెరా, ప్రింటరు పనిచేయుచున్నవా? కొన్ని వైఫై చిప్పులకు తయారీదారులు మూలరచన ఇవ్వరు. అట్టివానికి అదనపు ఫైలు దించుకొనవలసివచ్చును. అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోను ఇంటర్నెట్టునే ల్యాప్‌టాప్‌కు ఇచ్చి ఆ ఫైలు తెచ్చుకొనవచ్చును. పరీక్షలో వ్యవస్థ కొంత మందకొడిగా నడచును. అది పెన్‌డ్రైవు వేగము కొద్దిదగుట వలన కలుగు జాప్యము గాని వ్యవస్థ లోపము కాదు.

తెరమీద ‘ముత్తుకూరు’

తెలుగువారు చేయవలసిన పరీక్ష మరియొకటి కలదు. తెరమీద ‘ముత్తుకూరు’ అని వ్రాసి చూడవలెను. కంటికి ఇందు నాలుగు అక్షరములు. కంప్యూటరు స్మృతిలో ఇవి పది సంకేతములు. యూనికోడ్ ప్రమాణములో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. ‘మ’ స్థానము 3118, కొమ్ము 3137, ‘త’ 3108, పొల్లు 3149. ఈ లెక్కన మన ఊరిపేరు 3118, 3137, 3108, 3149, 3108, 3137, 3093, 3138, 3120, 3137 అను అంకెల వరుస. భారత ప్రభుత్వము ప్రమాణముగా నంగీకరించిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో దీనికి సరిగా పది మీటలే నొక్కవలెను. వ్యవస్థ సెట్టింగులలో మీటల అమరికకు తెలుగును చేర్చుకొన్న చాలును.

వరుస తెలిసినంత మాత్రమున అక్షరము ఏర్పడదు. త, పొల్లు, త, కొమ్ము అను నాలుగింటిని చూచి, రెండవ తకారమును వత్తుగా క్రిందికి దించి, కొమ్మును మొదటి తకారమునకు తగిలించి ‘త్తు’ అని దిద్దవలెను. ఈ పనికి హార్ఫ్‌బజ్ అను బహిరంగ మూలరచన గల ప్రోగ్రాము ఉన్నది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, ఆండ్రాయిడ్ ఫోను కూడ దానినే వాడుకొనుచున్నవి. అది దిద్దుటకు అక్షరరూపములు కావలెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛగా పంచిన పోతన, వేమన అను ఫాంట్లు డెబియన్ భాండారములో చేరియున్నవి. ఒకరు ఒకమారు చేసిన పని, దానిని పంచు స్వేచ్ఛ ఉన్నందున, ఇన్ని యంత్రములలో తెలుగును నిలిపినది.

మెనూలలోని మాటలకు కూడ ఇదే వర్తించును. తెరమీది వాక్యములను తెలుగు చేసినవారు స్వచ్ఛంద సేవకులు. వారు చేసినంత మేరకు తెలుగు కనబడును. చేయక విడిచినచోట ఇంగ్లీషు మాటయే మిగిలియుండును. ఆ లోటును పూరించుటకు ఎవరి సెలవును అవసరము లేదు. విద్యార్థియైనను అనువాదము పంపవచ్చును.

గీత దాటునప్పుడు

పరీక్ష తృప్తికరముగా నున్నచో స్థాపనకు పూనుకొనవచ్చును. ఇప్పటివరకు చేసినదేదియు డిస్కును తాకలేదు. ఇకముందు తాకును. కావున మూడు పనులు ముందుగా ముగించుకొనవలెను. మొదటిది, కావలసిన ఫైళ్లన్నింటిని వేరొక డిస్కులోనికి తీసి, అవి అక్కడ తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. రెండవది, విండోస్‌లో బిట్‌లాకర్ అను తాళము వేసియున్నచో దాని పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి పెట్టుకొనవలెను. మూడవది, చార్జరు తగిలించి, బ్యాటరీ నిండుగా నున్నప్పుడే మొదలిడవలెను. డిస్కు విభాగములను మార్చుచుండగా కరెంటు పోయి యంత్రము ఆగినచో ఉన్నదియు పోవును, వచ్చునదియు రాదు.

స్థాపనములో ఒకచోట రెండు దారులు కనబడును. పాత వ్యవస్థ ప్రక్కనే క్రొత్తదానిని ఉంచుట ఒకటి, డిస్కు అంతయు తుడిచి క్రొత్తదానినే పెట్టుట మరియొకటి. భయపడవలసినది ఈ ఒక్క తెరను గూర్చియే. దీనిని రెండుమార్లు చదివిన తరువాతనే మీట నొక్కవలెను. లినక్స్ మింట్ కనీసము 2 జీబీ స్మృతితోను, 20 జీబీ డిస్కుతోను నడచును. సుఖముగా నడచుటకు 4 జీబీ స్మృతి, 100 జీబీ డిస్కు మేలు. మొదటి దారిని ఎన్నుకొన్నచో, వెలిగించినప్పుడెల్ల ఏ వ్యవస్థ కావలెనని యంత్రము అడుగును. అయితే మద్దతు తీరిన విండోస్‌ను ఇంటర్నెట్టునకు దూరముగా నుంచి, తప్పనిసరి పనులకే వాడుట క్షేమము.

స్థాపన తరువాత క్రొత్తవారిని కలవరపెట్టు చిన్న విషయము లున్నవి. టెర్మినల్ అను కిటికీలో సంకేతపదము వ్రాయునప్పుడు చుక్కయైనను కనబడకపోవచ్చును. మీటలు పనిచేయుటలేదని తలపరాదు. ప్రక్కవారు సంకేతపదము పొడవును సైతము గ్రహింపకుండుటకై చేసిన ఏర్పాటది. ప్రోగ్రాములు కావలసినప్పుడు ఇంటర్నెట్టులో కనబడిన దానినెల్ల దించుకొనరాదు. ఆ కూర్పు భాండారము నుండియే తీసికొనవలెను. డెబియన్ భాండారములో 60,000కు పైగా ప్యాకేజీలు కలవు. మన మత్స్యశాస్త్ర విద్యార్థికి సంఖ్యాశాస్త్ర గణనలకు ఆర్ అను భాష, తీరప్రాంత పటములు గీయుటకు క్యూజీఐఎస్, నివేదికలు వ్రాయుటకు లిబ్రే ఆఫీస్ అందులోనే దొరకును.

హద్దులు

ఈ వ్యవస్థతో అన్నియు నెరవేరునని చెప్పుట సత్యము కాదు. విండోస్ కొరకే తయారైన లెక్కల ప్రోగ్రాములు, గీతపనుల ప్రోగ్రాములు కొన్ని దీనిమీద నడవవు. వైన్ అను సాధనము కొన్నింటిని నడపగలదు గాని, అన్నింటిని కాదు. కళాశాలగాని, ఉద్యోగముగాని అట్టి ప్రోగ్రామును తప్పనిసరి చేసినచో రెండు వ్యవస్థలను ప్రక్కప్రక్కన ఉంచుకొనుటయే దారి.

మూలరచన బహిరంగమైనంత మాత్రమున భద్రత దానంతట అదియే రాదు. 2024లో జరిగిన ఉదంతము దీనికి నిదర్శనము. ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాము ఫైళ్లను కుదించుటకు లినక్స్ కూర్పులలో విరివిగా వాడబడుచున్నది. దాని నిర్వాహకుని నమ్మకమును సంవత్సరముల తరబడి సంపాదించిన అజ్ఞాతవ్యక్తి యొకడు అందులో దొంగదారి నమర్చెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు సుమారు అరసెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించి, కారణము వెదకుచు పోయి ఆ దొంగదారిని పట్టుకొనెను. మార్చి 29న లోకమునకు తెలియజేసెను. తలుపు తెరచియుండుటచే దొంగ లోనికి వచ్చెను. తలుపు తెరచియుండుటచేతనే అతని జాడ దొరకెను. శ్రద్ధతో చూచువారు ఉన్నప్పుడే తెరచిన తలుపు వలన మేలు. కావున వ్యవస్థ అందించు సవరణలను వాడుకరి ఎప్పటికప్పుడు చేర్చుకొనుచుండవలెను.

పాత ల్యాప్‌టాప్ గలవారు దానిని అమ్మివేయుటకు ముందు ఒక ఆదివారము పూట ఈ పరీక్ష చేసి చూడవచ్చును. యంత్రమునకు సరిపడనిచో పెన్‌డ్రైవు తీసివేసిన చాలును. సరిపడినచో ఆ ఇంటి విద్యార్థికి మరికొన్ని ఏండ్లు పనిచేయు యంత్రమును, మూత తీసి లోపల చూచి నేర్చుకొనుటకు వీలైన వ్యవస్థయు ఒకేసారి లభించును.